చక్కెర వెయ్యని తొట్టి

మా అక్కకు బూజంటే రోత. బ్రెడ్డు అంచున ఆవగింజంత మచ్చ కనిపించినా పొట్లం మొత్తం చెత్తబుట్టలోకి పోయేది. తర్వాత ఆ బుట్టనూ కడిగేది. "నా జుట్టు నెరిస్తే బూజనుకుని దులిపేస్తుందేమోరా మీ అక్క" అనేవాడు బావ.

ఉద్యోగమూ అలాంటిదే దొరికింది. ఒక పరిశోధనశాలలో నాచు పెంచేది. గట్టు మీద కాలు జార్చే నాచు కాదు, కంటికి ఆననంత సన్నది, నీళ్ళలో కలిసి నీళ్ళనే పచ్చగా మార్చేది. దాని కడుపులో కాస్త నూనె ఉంటుంది. ఆ నూనెతో బళ్ళు నడపాలని అక్కడివాళ్ళ ఆశ. ఆ నాచు ఫ్లాస్కుల్లోకి బూజు జొరబడకుండా చూడటం అక్క పని. జొరబడితే బ్లీచింగు పోసి చంపి పారబోసేది. అందుకే అందరూ ఆమెను బూజక్క అనేవారు, ఎదురుగానే.

అలాంటి మనిషితో కొత్తగా వచ్చిన ప్రొఫెసరు, "ఇకమీదట బూజు కూడా పెంచాలమ్మా" అన్నాడు.

"దేనికి సార్?"

"నాచును పట్టడానికి."

ఆయన చెప్పింది సబబే. పిండికన్నా మెత్తటి నాచును నీళ్ళలోంచి విడదీయాలంటే గిర్రున తిప్పే యంత్రాలు కావాలి. వచ్చే నూనెను వాటి కరెంటే మింగేస్తుంది. అదే, కొన్ని రకాల బూజును కలిపితే దాని పోగులు నాచును చుట్టుకుని ఉండలు కడతాయి. జల్లెడ పెట్టి ఎత్తేయొచ్చు. మురుగునీళ్ళలో పెంచగలిగితే ఆ నీళ్ళూ కొంత తేరుకుంటాయి.

ఆ సాయంత్రం అక్క కంచం ముందు కూర్చుని, తినకుండానే లేచింది. "ఇన్నేళ్ళూ చంపినదాన్ని ఇప్పుడు సాకాలట" అంది.

"సవతిని తెచ్చి నట్టింట్లో పెట్టినట్టుంది నీకు" అన్నాడు బావ.

సాకింది. ఫ్లాస్కుల్లో ఉండలు ముచ్చటగానే వచ్చాయి, అడుగున పచ్చటి పూసల్లా, పైన తేటనీళ్ళు. అయితే బూజుకు తిండిగా ఫ్లాస్కుల్లో పోసేది చక్కెర నీళ్ళు. భవనం వెనక సిమెంటు తొట్టి ఒకటుండేది. దాంట్లోకి ఊరి కాలవలోంచి పైపు ద్వారా అసలైన మురుగు వచ్చేది. దాని దగ్గరికి ఎవరూ పోయేవారు కాదు. అదీ అక్క నెత్తినే పడింది.

మొదట్లో కంపుకు వాంతి చేసుకుంది. మురుగులోని సూక్ష్మజీవులు బూజును బతకనివ్వలేదు. కట్టిన ఉండలు విడిపోయి, కుళ్ళి, నురగై తేలేవి. మళ్ళీ వేసేది. మురుగును కొంచెంకొంచెంగా అలవాటు చేసింది. క్రమంగా మిరియపు గింజంత ఉండలు నిలిచాయి. మట్టిరంగువి, జిగటవి, చూస్తే ఒళ్ళు జలదరించేవి. బావ ఆమెను స్నానం చేశాకగానీ గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. ఆమె మాత్రం సెలవురోజున కూడా వెళ్ళి తొట్టి చూసొచ్చేది.

ఒకసారి ఇంగ్లీషు పరిశోధన వ్యాసాల కట్ట తెచ్చి నా ముందు పడేసింది. "పుస్తకాల పురుగువి కదా, చదివి తెలుగులో చెప్పు. లోకమంతా ఏం చేస్తోందట?"

చదివాను. ముందు అందరూ ఉండలు కడతాయని రాశారు. తర్వాత ఏ నాచుకు ఏ బూజు జోడీ అని రాశారు. తర్వాత నీళ్ళు ఎంత పుల్లగా ఉండాలి, ఎంత వేగంగా తిప్పాలి అని. ఈమధ్య మురుగునీటి మీద పడ్డారు. ఆ కట్టలో చాలావాటి చివర ఒకటే మాట, ఇంకా పరిశోధన జరగాలని.

"వాళ్ళ మురుగులో చక్కెర వేశారా?"

"ఎక్కువమంది వేశారక్కా."

"చక్కెర పోసి నూనె తీసేదానికన్నా నూనె కొనుక్కోవచ్చుగా" అంది. ఉమ్మేయబోయి ఆగినట్టుంది ఆమె ముఖం.

నిధులిచ్చే పెద్దలు చూడటానికి వస్తున్నారని తెలిసింది. వాళ్ళకు నచ్చితే తొట్టి ఉంటుంది, లేకపోతే మూసేస్తారు. ఇంకో ఏడాది దొరికితే ఈ ఉండలు మురుగు మీదే నిలుస్తాయో లేదో తేలిపోతుందని అక్క ఆశ. ఆమెకు కావలసింది అదొక్కటే.

ప్రొఫెసరు తొట్టి పక్కన చక్కెర బస్తాలు దింపించాడు. "వాళ్ళొచ్చేలోగా ఉండలు నిమ్మకాయలంత కావాలి. రోజూ కొంచెం వేయమ్మా."

"మురుగు తిని పెరిగాయని చెప్తారా సార్?"

"మురుగు కూడా తింటాయిగా. అందరూ వేస్తారమ్మా, తప్పేం లేదు."

అక్క బస్తాల మూతి విప్పలేదు. తిరిగి స్టోరురూముకు పంపించేసింది.

పెద్దలొచ్చారు. తొట్టి ఇంకా కనపడకముందే జేబురుమాళ్ళు ముక్కులకెక్కాయి. "దీని మీద మూతేం లేదా?" అన్నాడొకాయన. అక్క మోచేతి దాకా ఒట్టి చెయ్యి ముంచి గుప్పెడు ఉండలు పైకి తీసింది. వేళ్ళ సందుల్లోంచి నల్లటి జిగురు కారింది.

"ఇంతే వచ్చింది సార్. మురుగు తిని ఇంతే పెరిగాయి."

ఒక్కరూ ముందుకు రాలేదు. ఒకావిడ పక్కకెళ్ళి చీర కుచ్చిళ్ళు చూసుకుంది. మురుగునీటి పరిశోధనకు డబ్బులిచ్చేవాళ్ళు మురుగును చూసి వెనక్కి జరిగారు. అందరూ ఏసీ గదిలోకి వెళ్ళి ఫ్లాస్కుల్లోని పచ్చపూసలను మెచ్చుకుని, వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఫ్లాస్కులకు నిధులొచ్చాయి. తొట్టి మూసేయమన్నారు.

"నా మాట వినుంటే బతికేదమ్మా తొట్టి" అన్నాడు ప్రొఫెసరు. కోపంగా కాదు, బాధగానే.

"బతికేది సార్. దాన్ని చూసి ఏం తెలుసుకునేవాళ్ళం?"

తొట్టి ఖాళీ చేసే పనీ ఆమెదే. వచ్చిన కాలవలోకే నీళ్ళు వదిలింది. వచ్చినప్పటికన్నా పోయేటప్పుడు కాస్త తేటగా ఉన్నాయని, ఎవరూ అడగకపోయినా నాకు చెప్పింది.

అక్కణ్ణుంచి తిన్నగా మా ఇంటికే వచ్చింది. చేతులు కడుక్కుని కూర్చుంది. గోళ్ళ కింద నలుపు పోలేదు. నా భార్య టీ ఇస్తే ఒక గుక్క తాగి కప్పు పక్కన పెట్టేసింది.

"ఏం వదినా, బాగాలేదా?"

"ఎంత చక్కెర పోశావే ఇందులో?"

"ఎప్పుడూ వేసేంతే. ఒంట్లో షుగరేమైనా వచ్చిందా?"

"అదేం లేదమ్మా. వాసనొస్తోంది."

నా భార్య కప్పు తీసి వాసన చూసింది. "టీ వాసనే కదా వదినా."

"చక్కెర వాసన" అంది అక్క, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. "అవతల పారబొయ్యి."