తల కొట్టబాకండి

మా తమ్ముడు పోయాడు. మద్రాసు బస్సులో వచ్చి, చిల్లకూరులో దిగి, అక్కడి టీబంకులో ఉంచుకునే సైకిలెక్కి ఇంటికి వస్తుంటే ట్రంకు రోడ్డు మీద లారీ గుద్దింది. పట్టపగలే. చక్రం ఛాతీ మీదుగా వెళ్ళిపోయింది.

కబురు తెచ్చిన కానిస్టేబులు వాకిట్లో టోపీ తీసి నిలబడ్డాడు. నేను తులసికోట దగ్గర ఉన్నాను. అతను చెప్పింది విని, "తలకు దెబ్బ తగిలిందా నాయనా?" అని అడిగాను. నా నోట ముందు వచ్చిన మాట అదే. అతను నన్ను వింతగా చూశాడు.

"తలకేం కాలేదమ్మా. నిద్రపోతున్నట్టే ఉండాది మొహం."

తర్వాత చంకలోంచి తువ్వాలు మూట తీశాడు. తువ్వాలుకి రక్తం అంటి ఉంది. "రోడ్డు మీద చెల్లాచెదురుగా పడుండాయి. అయ్యగారివేమోనని ఏరించినాం" అన్నాడు. విప్పి చూశాను. గోరంత ఎముకలు, పిండి అయినవి కొన్ని, కానివి కొన్ని. కప్పల పుర్రెలు. దూది చుట్టి రేకు పెట్టెలో పెట్టుకుని వస్తున్నాడు. పెట్టె మీదా చక్రం ఎక్కింది.

"ఆయనవేనా అమ్మా?"

"వాడివే" అన్నాను.

మా తమ్ముడు మద్రాసులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. కప్పలు, పాములు, తాబేళ్ళు, ఉడుములు, వీటి పుర్రెలు యుగాల తరబడి ఎలా మారుతూ వచ్చాయో చూడడం వాడి పని. ఆ చదువు గురించి వాడి శిష్యులు రాస్తారు. నేను రాసేది ఇంటి సంగతి. తలల కోసం వాడు పడ్డ పాట్లు, చివరికి వాడి తల కోసం మేము పడ్డ పాటు.

మా కాటిలో ఒక ఆచారం ఉంది. చితి సగం కాలాక కొరివి పెట్టినవాడు వెదురుకర్రతో తల కొట్టాలి. కపాలం పగిలితేనే ప్రాణానికి దారి అంటారు. నేనూ అది నమ్మినదాన్నే. తమ్ముడు పెళ్ళి చేసుకోలేదు. కాబట్టి కొరివి పెట్టాల్సింది మా ముగ్గురిలో ఆఖరివాడు, సేద్యం చేసుకునే మా చిన్నోడు. శవం ఇంటికి వచ్చేసరికి వాడు గడ్డివామి వెనక కూర్చుని ఉన్నాడు.

"కొరివి పెడతానక్కా. తల మాత్రం కొట్టలేను. ఒకసారి కొట్టుండానే, అది చాలదా?" అన్నాడు.

మా చిన్నాన్న పండు ముసలి. కర్మల్లో మాకు ఆయన మాటే మాట. అరుగు మీద నుంచే అరిచాడు. "కొట్టకపోతే ఎట్టారా? ప్రాణం యాడికి పోవాల? పుర్రెలో గబ్బిలం మాదిరి కొట్టుకుంటా ఉండాల్నా?"

ఊరంతా నావైపు చూసింది. ఇంటికి పెద్దదాన్ని, పూజలు చేసేదాన్ని. "చితి పేర్చనీండి చిన్నాన్నా, చెప్తాను" అని దేవుడి గదిలోకి వెళ్ళాను. దీపం ముందు కూర్చున్నాను గాని నామం నోటికి రాలేదు. తమ్ముడి కేకే వినపడుతూ ఉంది. తల కొట్టబాకండి, తల కొట్టబాకండి.

మా సముద్రపొడ్డు పల్లెల్లో పామును చంపితే తల ఉంచరు. కొట్టినవాడి రూపు దాని కంట్లో నిలిచిపోతుందని, తల మిగిలితే పగ మిగిలినట్టేనని నమ్మకం. అందుకని చచ్చినదాన్ని మళ్ళీ చంపుతారు. బండ మీద పెట్టి బండతో దంచుతారు. పుర్రె మట్టిలో కలిసిపోయేదాకా ఆపరు. నాగులచవితి నాడు నాగేంద్రుడు, మర్నాడు పురుగు. నేను పుట్టలో పాలు పోసి వచ్చిన దారిలోనే సాయంత్రానికి నుజ్జయిన తల పడి ఉండేది.

తమ్ముడికి కావలసింది ఆ తలే. సెలవులకు వస్తే చాలు, ఎక్కడ 'పాము పాము' అన్న కేక వినపడినా పంచె ఎగగట్టి గట్ల మీద పరుగెత్తేవాడు. "తల కొట్టబాకండయ్యా! నడుం మీద కొట్టండి! తల నాకు వదలండి!" వాడు దూరంగా కనపడగానే కుర్రకారు నవ్వేది. "పుర్రెలయ్యోరు వస్తుండాడు, బిన్నా దంచండ్రా!" అని గబగబా ఇంకో నాలుగు దెబ్బలు వేసేవాళ్ళు. వాడు చేరేసరికి ఎర్రటి ముద్ద మిగిలేది. దాని పక్కన గొంతుక్కూర్చుని పుల్లతో కదిపి చూసి, ఒక్క పన్ను దొరికినా కాగితంలో చుట్టుకుని వచ్చేవాడు.

రష్యావాళ్ళు చంద్రుడి మీదికి యంత్రం విసిరిన రోజులవి. ఊళ్ళో చదువుకున్నవాళ్ళు ఆకాశం మాట్లాడుకుంటుంటే వీడు పెరట్లో కప్ప నోరు తెరిచి చూసుకునేవాడు. గొడ్ల కొట్టం పక్క గది వాడికి ఇచ్చాను. దేవుడి గదికీ దానికీ మధ్య ఒక గోడే. అటు గంట, ఇటు పుర్రెలు. చిల్లులు పొడిచిన కుండలో చచ్చిన పామును పెట్టి ఇసుకలో పూడ్చేవాడు. చీమలు మాంసమంతా తినేసి ఎముకను తెల్లగా అప్పజెప్పేవి. "వీటికన్నా మంచి శిష్యులు నాకు కాలేజీలో లేరక్కా" అనేవాడు. తొందరైతే పొయ్యి మీద ఉడకబెట్టేవాడు. ఒకసారి మా అత్త పులుసనుకుని మూత తీసింది. ఆమె మళ్ళీ మా ఇంట భోంచేయలేదు.

జాలర్ల పాలెంలో ఒకాయన వల చించిందని తాబేలు మెడ మీద గొడ్డలి వేసిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. మూడు వేట్లకు తల తెగి ఇసుకలో పడింది. తమ్ముడు దాన్ని ఎత్తబోతే అది నోరు తెరిచి వాడి పంచె కొంగు పట్టుకుంది. మొండెం ఒకచోట, తల ఒకచోట, పట్టు మాత్రం వదలలేదు. నేను రామా అని కళ్ళు మూసుకున్నాను. వాడు మెల్లగా బట్ట చించుకుని, ఆ తలను అట్లాగే తెచ్చుకున్నాడు.

తర్వాత అరుగు మీద కూర్చోబెట్టి నాకు చెప్పాడు. తాబేలు పుర్రె కోట గోడట, కంటి వెనక ఎక్కడా కిటికీ ఉండదట. కప్పది పందిరి, నాలుగు రాటలు, పైన ఆకాశం. పాముది వల, ముడులు తప్ప గోడే లేదు, అందుకే తనకన్నా లావైనదాన్ని మింగుతుంది. "మనది?" అన్నాను. ఆ పాతకాలం జీవాలకు దవడ కీలుగా ఉన్న ఎముకలే చిన్నవై చిన్నవై మన చెవిలో చేరాయని చెప్పాడు. "కరిచిన ఎముకతో మనం వింటుండాం అక్కా."

"అయితే వినేటప్పుడైనా కరవకుండా ఉంటే మేలు" అన్నాను. చాలా సేపు నవ్వాడు.

వాడు సాధువని నేను అనను. కప్పలను వాడూ చంపేవాడు. ఒకసారి అడిగాను, నీకూ వాళ్ళకూ తేడా ఏముందిరా అని. "చంపడంలో తేడా లేదక్కా. చంపినాక వాళ్ళు మొహం తిప్పుకుంటారు, నేను చూస్తాను" అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చలేదు. అబద్ధం కాదని మాత్రం తెలుసు.

ఇక చిన్నోడి దెబ్బ సంగతి.

ఒక ఏడు గాలివానకు సముద్రం ఊళ్ళోకి వచ్చింది. అందరం ఇసుకదిబ్బ ఎక్కాం. తెల్లవారేసరికి మాతోపాటు పాములూ ఎక్కాయి. చుట్టూ నీళ్ళు, వాటికి మాత్రం వేరే చోటేది? పిలకాయల్లో ఒకణ్ణి పురుగు ముట్టింది. తల్లి ఒళ్ళోనే నురగ కక్కి పోయాడు. ఆ తల్లి అరుపు విన్నాక దిబ్బ మీద ఎవరికీ ఒళ్ళు తెలియలేదు. తెడ్లు, రోకళ్ళు, గుంజలు, ఏది దొరికితే దానితో కొట్టారు. పామని లేదు, ఉడుమని లేదు. ఎగిరిన కప్పను కాలితో నలిపారు. చచ్చినవాటినే మళ్ళీ మళ్ళీ కొడుతున్నారు. ఇసుక మీద అడుగేస్తే చెప్పుకు నెత్తురు అంటుతోంది. ఆ బిడ్డ ముందు ఎవరినీ తప్పు పట్టలేను. మా చిన్నోడు అందరికన్నా ముందున్నాడు. ఆ చనిపోయినవాణ్ణి వాడు భుజాన ఎక్కించుకుని తిప్పేవాడు.

ఆ గలాటాలో ఇసుకలోంచి ఒక రెండుతలల పాము బయటపడింది. మొద్దుగా, బద్ధకంగా ఉంటుంది, విషం లేదు. తోక కూడా తలలాగే ఉండబట్టి ఆ పేరు. మన వైపు పాముల్లో పాతకాలపు పుర్రె దానిదేనని, మంచిది ఒక్కటి కూడా దక్కలేదని తమ్ముడు ఏళ్ళుగా అంటుండేవాడు.

"కొట్టబాకండి! అది కరిచేది కాదు!" అని మధ్యకు దూకాడు.

"రెండు తలలుంటే రెండూ దంచాల్సిందే!" అని ఎవరో అరిచారు.

ఒక చివర దెబ్బలు పడుతున్నాయి. చిన్నోడు రెండో చివరకు గుంజ ఎత్తాడు. ఆ చివరే అసలు తల. తమ్ముడు దాని మీద బోర్లా పడి, ఆపమని మొహం పైకెత్తాడు. "అన్నా, జరుగు!" అని చిన్నోడు అరవనైతే అరిచాడు. గుంజ అప్పటికే దిగిపోయింది.

ఆ చప్పుడు నాకు తెలిసిన చప్పుడే. రోజూ దేవుడి ముందు కొట్టే కొబ్బరికాయది. ఆ తర్వాత చాలా కాలం స్వామికి అరటిపండే పెట్టాను.

నీళ్ళు తీశాక బండి కట్టి గూడూరు ఆస్పత్రికి తీసుకుపోయాం. నుదుటి ఎముక లోపలికి దిగింది. కళ్ళలోకి నెత్తురు కారుతోంది. చిన్నోడు అన్న కాళ్ళు పట్టుకుని ఏడుస్తున్నాడు. దారిలో తమ్ముడు కళ్ళు తెరిచి, "తల దక్కిందిరా చిన్నోడా" అన్నాడు.

"దక్కిందన్నా, దక్కింది, దేవుడి దయ" అని వీడు చేతులెత్తి మొక్కాడు.

అప్పుడు తమ్ముడు ఒళ్ళోని పైగుడ్డ విప్పాడు. లోపల పాము. నడుం చితికి చచ్చింది, తల చెక్కుచెదరలేదు. ఆస్పత్రిలో దాన్ని చూసి కాంపౌండరు పరుగో పరుగు.

తమ్ముడు బతికాడు. నుదుట బొటనవేలు పట్టేంత గుంట మిగిలింది. ఎవరైనా అడిగితే తాకించి, "మా చిన్నోడి సంతకం" అనేవాడు. చిన్నోడు మాత్రం మళ్ళీ కర్ర పట్టలేదు. ఎద్దులను కూడా నోటితోనే అదిలించేవాడు. కట్టు విప్పిన రోజు అన్న ముందు నిలబడి, "నా మీద కోపం పెట్టుకోబాకన్నా" అన్నాడు.

"ఇన్ని తలలు విప్పి చూసినానురా. పగ ఉండే చోటు ఒక్కదాంట్లోనూ కనపళ్ళా" అన్నాడు తమ్ముడు. తర్వాత నావైపు తిరిగి, "నేను పోయినాక కూడా కొట్టనీబాకక్కా. ఒకసారి చాలు" అని నవ్వాడు. ఛీ, అవేం మాటలని కసిరాను.

ఇవన్నీ దీపం ముందు కూర్చుని తలుచుకున్నాను. చితి పేర్చడం అయిందని కబురు వచ్చింది. లేచి బయటికి వచ్చాను.

"చిన్నాన్నా, తల ఎందుకు కొడతారు?"

"అడగాల్నా? దారి కోసం."

"ఎవరు కొట్టాలి?"

"కొరివి పెట్టినోడే కొట్టాల."

"కొరివి పెట్టేవాడే కొట్టాడు. ముందే కొట్టాడు. వాడి నుదుట దారి ఆనాడే పడింది. రెండోసారి కొట్టమని ఏ శాస్త్రం చెప్పదు."

చిన్నాన్న దగ్గరికి వచ్చి, వేలితో తమ్ముడి నుదుటి గుంటను తడిమాడు. చాలా సేపు తడిమాడు. "కర్ర తేబాకండి" అన్నాడు చివరికి, వెదురు పట్టుకున్నవాళ్ళతో.

తువ్వాలు మూటను తమ్ముడి చేతి కింద పెట్టాను. చిన్నోడు లేచి వచ్చి పాడె పట్టాడు.

ఎముకలు ఏరిన రోజు సముద్రం దగ్గరికి నన్నూ రమ్మన్నాడు చిన్నోడు. ఆడవాళ్ళు రాకూడదని ఎవరో గొణిగారు. వెళ్ళాను. కుండ మీది గుడ్డ తీసి, "చూడక్కా" అన్నాడు. అన్నింటికన్నా పైన నుదుటి ఎముక, సున్నం తెలుపు. గుంట అలాగే ఉంది. ఎప్పుడో అతుక్కున్న ఆ గీత వెంబడే, మంటకు, వెంట్రుకంత సందు విచ్చుకుంది. మిగతా ఎక్కడా పగల్లేదు.

ఎముకలు ఏరేటప్పుడు చల్లార్చడానికి పోసిన పాలు ఇంకా తడిగానే ఉన్నాయి. చూస్తుండగా ఆ సందులోంచి ఒక చీమ బయటికి వచ్చింది. అంచున ఆగి, మీసాలు కదిపింది.

చిన్నోడు కుండ వంచలేదు. ముందు వేలు ఆనించి దాన్ని ఎక్కించుకున్నాడు. నాలుగడుగులు వెనక్కి నడిచి, పొడి ఇసుకలో వదిలి వచ్చాడు.