చిన్నయ్యగారికి అందని కబురు

ఈ బరువు మోస్తూ ఏళ్లు గడిపాను. ప్రసంగం చేస్తూ మోశాను. మోకాళ్ల మీద ప్రార్థనలో కూడా దించలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను రిటైరైన పాస్టర్‌ని. పదవి దిగినవాడు ఆ ఊరు విడవాలని మాలో ఒక పద్ధతి ఉంది, కొత్తగా వచ్చినవాడికి అడ్డం ఉండకూడదని. నేను విడవలేదు. నకిరేకల్ దగ్గర, మా చర్చి వెనక గల్లీలోనే ఇల్లు కిరాయికి తీసుకున్నాను. కొత్త పాస్టర్‌ను జనం చిన్నయ్యగారు అనేవాళ్లు, నన్ను పెద్దయ్యగారు. పెళ్లికీ చావుకీ నన్నే పిలిచేవాళ్లు. మా మెట్ట పొలాల్లో బోరు బండి వచ్చినా నా ప్రార్థన కానిదే రాడ్డు దింపేవాళ్లు కాదు. నీళ్లు పడితే పెద్దయ్యగారి ప్రార్థన, దుమ్ము లేస్తే వాళ్ల తలరాత. నాకేం నష్టం? ఇంట్లో ఖాళీగా కూర్చోవడమంటేనే భయం. ఎవరూ పిలవకపోతే నేనెవరిని?

ఒక పొద్దున పక్క ఊరి నుంచి యాదయ్య ఫోన్ చేశాడు. మేకలు కాసే కుటుంబం. వాళ్లమ్మకు బాప్తిస్మం ఇచ్చింది నేనే. ఆమె చివరి ఘడియల్లో ఉందట. పోయేలోపు ప్రభువు బల్ల, ఆ రొట్టె ముక్క, ద్రాక్షరసం, తీసుకోవాలనుకుంటోందట. అదీ చిన్నయ్యగారి చేత్తోనే. ఆయన ఫోన్ కలవడం లేదు, జర చెప్పమన్నాడు. చెప్తానన్నాను.

చిన్నయ్యగారి చేత్తోనే. ఆ మాట నాకు గుచ్చుకుంది. కుళ్లుకున్నాను, దానికి ఇంకో పేరు లేదు. ఆయన చర్చిలో మైకు సరిచూసుకుంటున్న గొంతు నా వాకిట్లోకి వినిపిస్తూనే ఉంది. నాలుగడుగులు వేస్తే చాలు. వెయ్యలేదు. నేనే వెళ్లి ఇస్తే ఏం పోయిందనుకుని, దానికంటే ముందు ఒప్పుకున్న బోరు ప్రార్థనకు వెళ్లి, నీళ్లు పడేదాకా నిలబడి, శాలువా కప్పించుకుని, వాళ్లు పెట్టిన బువ్వ తిని యాదయ్య ఇంటికి చేరేసరికి ఆమె కన్నుమూసింది. యాదయ్య నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు. చిన్నయ్యగారికి చెప్పాను, తీరిక లేదన్నాడు అన్నాను. అంత సులువుగా ఎలా వచ్చిందా అబద్ధం?

సంఘమంతా భగ్గుమంది. చావుబతుకుల్లో పిలిస్తే రానివాడు మాకెందుకన్నారు. ఆయనను కోస్గి అవతలికి బదిలీ చేశారు. పోయే ముందు నా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అయ్యగారూ, మీరు నాకు చెప్పిన్రని అందరంటున్నరు. ఎప్పుడు చెప్పిన్రు?"

"చెప్పిన గద నాయినా, చర్చి గేటు కాడ. తీరిక లేదంటివి. యాదికి లేదా?"

చేతిలోని బైబిలు చంకలోకి మార్చుకున్నాడు.

"అయితే నేనే మరిచిన్నేమో. మీరు అబద్ధమాడరు గద."

ప్రార్థన చెయ్యమని తల వంచాడు. ఆ తల మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించాను. ఆ చెయ్యి ఎందుకు పడిపోలేదు?

ఇంకో పాస్టర్ వచ్చేదాకా ప్రసంగాలన్నీ నావే. సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషంగానే చేశాను. అబద్ధసాక్ష్యం మాట ఎక్కడొచ్చినా గబగబా పేజీ తిప్పేవాణ్ని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. ఈ వయసులో ఇంత సేవా అని జనం ఇప్పటికీ మెచ్చుకుంటారు. సేవ ఎక్కడిది? కాసేపు ఊరికే కూర్చుంటే వంచిన ఆ తల కనిపిస్తుంది. అందుకే తిరుగుతున్నాను.

ఆయన ఇప్పటికీ తన జ్ఞాపకాన్నే అనుమానిస్తున్నాడేమో. ఒక తల్లి చివరి కోరిక తీర్చలేదని తనను తానే తిట్టుకుంటున్నాడేమో. ఆయన నంబరు నా దగ్గరే ఉంది. ఇంకా చెయ్యలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. అయినా ఇది రాస్తుంటే కొంచెం ఊపిరాడుతోంది. ఆయన ఏదీ మరచిపోలేదు. నేను అసలు చెప్పనే లేదు.