వెళ్ళయమ్మాళ్ కుడిచెయ్యి

తమిళనాడులోని సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే కార్ఖానాలో వెళ్ళయమ్మాళ్ ఇరవై రెండేళ్ళు పనిచేసింది. పోయిన ఏడాది ఆమె కుడిచేతి నాలుగు వేళ్ళూ మరమగ్గం పళ్ళచక్రంలో పోయాయి. బొటనవేలూ, అరచేతిలో సగమూ మిగిలాయి. గాయం మానాక మేస్త్రీ ఒకే మాట చెప్పాడు. ఆ చేత్తో గుడ్డచుట్ట పట్టుకోగలిగితే ప్యాకింగులో చోటిస్తాడు. సోమవారం పొద్దున ఎనిమిదికి చూపించాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి.

రాజపాళయంలో ఒక పాలిటెక్నిక్ ల్యాబులో త్రీడీ ప్రింటర్ నడిపేది నేనే. ప్లాస్టిక్ చెయ్యి చేసిమ్మని ఆమె నా దగ్గరికి వచ్చింది. తెలిసింది నలుగురికీ చెప్పకపోతే నాకు అన్నం సయించదు. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను.

చెయ్యి బొమ్మను ముందు కంప్యూటర్ అడ్డంగా వందల పలచటి పొరలుగా కోస్తుంది. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో ఐదో వంతు. ప్లాస్టిక్ తీగ రెండు వందల డిగ్రీల వేడికి కరిగి, ప్రింటర్ సన్నటి ముక్కులోంచి ఇడియాప్పం పిండి పోగులా దిగుతుంది. ముక్కు అటూ ఇటూ తిరుగుతూ ఒక పొర పరుస్తుంది. అది గట్టిపడుతుంది, ముక్కు వెంట్రుకవాసి పైకి లేస్తుంది, దాని మీద ఇంకో పొర. అడుగున ఏమీ లేని చోట సన్నటి ఊతకాళ్ళు కూడా అదే కట్టుకుంటుంది. పనయ్యాక వాటిని విరిచి పారేస్తాం.

"ఇదీ నూలు పనే గదా తంబీ. మేము పోగు పక్కన పోగు వేస్తాము, ఇది పోగు మీద పోగు వేస్తాది" అంది.

"ఈ ప్లాస్టిక్ మొక్కజొన్న పిండితో చేసినది అక్కా."

"అప్పడియా? ఆకలైతే ఒక వేలు తింటే సరి!"

ముక్కలన్నీ ప్రింటు కావడానికి పంతొమ్మిది గంటలు పట్టింది. వేళ్ళలోంచి నైలాను దారాలు దూర్చి మణికట్టు పట్టీకి కట్టాను. మణికట్టు వంచితే వేళ్ళు ముడుచుకుంటాయి. శనివారం ఆమె తొడుక్కుని, సంచిలోంచి గుడ్డచుట్ట తీసి పట్టుకుంది.

"పట్టినాది తంబీ!" అని ఏడ్చేసింది. నా అంత గొప్పవాడు ఊళ్ళో లేడనిపించింది.

సోమవారం ఏడు గంటలకు తెల్లగుడ్డ మూటతో ల్యాబు గుమ్మంలో నిలబడింది. విప్పితే లోపల చెయ్యి ఉంది. వేళ్ళు మెలితిరిగాయి, అరచెయ్యి పలకలా అయిపోయింది, దారాలు దూరే రంధ్రాలు మూసుకుపోయాయి.

"ఏమి చేసినావక్కా?"

"ఉడకబెట్టినాను. పుండు మీద వేసే గుడ్డ గదా, దాన్ని ముట్టేది ఏదైనా ఉడకబెట్టకుండా లోపలికి ఎత్తుకుపోము. రెండు వందల డిగ్రీలకు కరుగుతాదని నీవే చెప్పినావు. మా కార్ఖానా బాయిలర్లో నీళ్ళు ఎంత మరిగినా ముల్లు నూరు దగ్గరే నిలుస్తాది. ఏమీ కాదనుకొన్నాను."

ఆమె లెక్కలో తప్పేమీ లేదు. ఆ ప్లాస్టిక్ అరవై డిగ్రీలకే మెత్తబడుతుంది. అంతసేపు వాగిన నా నోటికి ఆ ఒక్క ముక్క రాలేదు. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

మేస్త్రీకి ఫోన్ చేసి ఒక్కరోజు గడువు అడిగాను. "ఇంకో ఆడమనిషి వచ్చి కూర్చొని ఉండాది సార్" అని పెట్టేశాడు.

ఆ పూటే మళ్ళీ ప్రింటు మొదలుపెట్టాను. మంగళవారం మధ్యాహ్నం రెండో చెయ్యి తీసుకుని సత్రపట్టి బస్సెక్కాను. వేడినీళ్ళు తగలకూడదని పెద్ద అక్షరాలతో చీటీ కూడా రాసి కట్టాను. ఆమె ఇంట్లోనే ఉంది. చీటీ విప్పి పక్కన పెట్టి, చెయ్యి తొడుక్కుని, రెండుసార్లు ముడిచి తెరిచింది.

"బాగుండాది తంబీ. ఇప్పుడు దీంతో ఏమి పట్టుకొనేది?" అని అడిగింది.