మంచుగుంటలో మూడు పిస్తోళ్ళు

సరిహద్దు పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. మన ఊళ్ళో పద్దెనిమిది వేలని చెప్పాను. కొబ్బరిచెట్టును మించి ఎత్తైనది లేని చోట నాలుగు వేల తేడా ఎవరు కొలుస్తారు? చలి సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కింద. గాలి ఉత్తరం నుంచి. ముందు శిఖరం, వెనక లోయ, మధ్యలో కొండవాలులోకి తవ్విన బంకరు. అందులో ఆరుగురం. నేను మెషిన్‌గన్ నంబర్ టూ. గన్నర్నని చెప్పుకుంటాను గానీ, నంబర్ టూ అంటే గన్నరుకు గుళ్ళపెట్టె అందించేవాడు.

వారం తిరక్కుండానే మంచు దారి మూసేసింది. ఇక వసంతం వచ్చేదాకా పైకి ఎవరూ రారు, కిందికి ఎవరూ పోరు. పొద్దున్నే తలుపు లోపలికి లాగితే ఎదురుగా తెల్లగోడ నిలబడి ఉండేది. పారలతో తవ్వి, ఆ సొరంగంలో పాకుతూ బయటికి వెళ్ళేవాళ్ళం. సాయంత్రానికి అది మళ్ళీ పూడిపోయేది. లోపల కిరోసిన్ స్టవ్వు, తడి మేజోళ్ళు, ఆరుగురి ఊపిరి.

శత్రువంటే నాకు భయం లేదు. ఇది గొప్ప కాదు, వాడు ఎప్పుడూ కనబడలేదు. భయం తలుపంటే. అది మూసుకున్న క్షణం నుంచి నా ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుండేది. ఒక సాయంత్రం ఎవరూ చెప్పకుండానే సొరంగంలో దూరి మంచు తవ్వుతున్నాను. పార కూడా తీసుకెళ్ళలేదు. చేతులతోనే. వెనక నుంచి వైర్‌లెస్ ఆపరేటరు పాక్కుంటూ వచ్చాడు. సఖినేటిపల్లి వాడు. నాది అంబాజీపేట కనుక మొదటి రోజే వరస కలిపేశాడు.

"బావగారూ, ఇయ్యాల తవ్వకం డ్యూటీ మీది కాదు కదండీ?"

"కాదు."

"మరేంటండీ?"

"గాలాడట్లేదు."

"ఆయ్," అన్నాడు. నా పక్కన కూర్చుని తనూ తవ్వాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్ళకు కింద నుంచి వైర్‌లెస్ సెట్టు మీద ఆర్డరు వచ్చింది. బ్రిగేడ్‌లో పిస్తోలు గురి పోటీ. మధ్యలో ఎండ కాసి దారి ఒకటి రెండు రోజులు తెరుచుకుంటే పోస్టుకొకడు దిగాలి. దిగినవాడు చలికాలం అయ్యేదాకా కిందే ఉంటాడు. నాకు పోటీ వినబడలేదు. 'దిగాలి' ఒక్కటే వినబడింది. వెంటనే, కొత్త సిపాయిల శిక్షణ బడిలో పిస్తోలుకు నాదే మొదటి బహుమతి అనేశాను. అప్పటికి నేను పిస్తోలు పేల్చింది ఒకే ఒక్కసారి.

పోస్టు కమాండరు హర్యానా సుబేదారు. మా ఆరుగురికీ కలిపి ఉన్న మూడు పిస్తోళ్ళను గుళ్ళు తీసి, చాంబర్లు ఖాళీయో కాదో చూసి కంబళి మీద పరిచాడు. "ఎవరిది వాళ్ళే ఎంచుకోండి. ఎంచుకోవడంలోనే సగం గురి ఉంది. దేన్ని పట్టుకుంటే దానితోనే పరీక్ష, నెగ్గినవాడే దిగుతాడు," అన్నాడు.

ఒకటి కొత్తది, నల్లగా నిగనిగలాడుతోంది. ఒకటి బరువు. మూడోది రంగు పోయి, పిడి అరిగి, సంతలో మిగిలిన గిత్తలా ఉంది. నేను కొత్తది లాక్కున్నాను. ఆపరేటరు కళ్ళు మూసుకుని మూడూ చేతిలో పట్టి చూశాడు. చెయ్యి చాపి, కళ్ళు తెరిచి, గొట్టం చివరి గురిచుక్క వెనక గాడిలో ఉందో లేదో చూసేవాడు. అరిగినదాన్నే తీసుకున్నాడు. బరువుది మిగతావాళ్ళకు ఉమ్మడిగా మిగిలింది.

"ముసల్దాన్ని కట్టుకున్నావేంట్రా?" అన్నాను.

"మా నాన్న పడవకి గెడ కర్ర ఇలాగే ఎంచేవోడండి. చేతికి తెలియాల గానీ కంటికి కాదంటాడు. మీదేమో పెళ్ళిచూపుల యవ్వారం."

కాల్పులకు మంచుచరియలు జారతాయి. అందుకని సాధనంతా బంకరులోనే, గుళ్ళు లేకుండా. గొట్టం మీద రూపాయి బిళ్ళ పెట్టి ట్రిగ్గరు నొక్కాలి. బిళ్ళ పడకూడదు. ఆపరేటరుది కదిలేది కాదు. నాది స్టవ్వు కిందికి దొర్లిపోయేది. దాన్ని వెతికే నెపంతో తలుపు దాకా పోయి వచ్చేవాణ్ణి.

ఎండ కాసిన రోజున పరీక్ష పెట్టారు. గాలికి మంచు నిలవని రాతిగట్టు మీద. ఆయుధాన్ని పొడిగుడ్డతో తుడవాలి, చలిలో నూనె తగలకూడదని సుబేదారు ముందే చెప్పాడు. మన ఇళ్ళల్లో తలకీ, మోకాలికీ, సైకిలు చైనుకీ కొబ్బరినూనే కదా. మా ఆవిడ గానుగాడించి పంపిన సీసా ఉంది. స్టవ్వు పక్కన కూర్చుని పిస్తోలు లోపలంతా పట్టించాను. వెచ్చదనానికి, గుండు ఎక్కించడానికి వెనక్కి లాగే స్లైడు వెన్నలా జారింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పుష్యమాసంలో నూనెసీసా ఎండలో పెట్టి కరిగించినవాణ్ణి. ఆ పూట తట్టలేదు.

గట్టు మీద నా వంతు వచ్చింది. స్లైడు లాగాను. సగంలో ఆగింది. రెండు చేతులతో లాగాను. కదల్లేదు. సుబేదారు తీసుకుని వాసన చూశాడు.

"ఏమిటిది?"

"కొబ్బరినూనె సాబ్."

"తలకు రాసుకోవలసింది దీనికి రాశావా? నీ తల పనిచేయకపోవడానికి అదే కారణం."

అందరూ నవ్వారు. నేను బంకరు తలుపు వైపు చూస్తున్నాను. ఇక చలికాలమంతా దాని వెనకే.

ఆపరేటరు ముందుకు వచ్చాడు. కోటు లోపల దాచి వెచ్చగా ఉంచిన ముసలి పిస్తోలు నా చేతిలో పెట్టాడు. "సాబ్, నా వంతు ఈయనకిచ్చేయండి. నేను పేల్చను."

"నీకు దిగాలని లేదా?"

"సెట్టు పక్కన వెచ్చగా ఉంటుంది సాబ్."

సుబేదారు నా మొహం చూశాడు. ఏమనిపించిందో, తల ఊపాడు. ఎదురుగా అట్ట మీద నల్లచుక్క, చేతిలో అయిదు గుళ్ళు. అయిదూ నల్లచుక్కలోనే అని అంబాజీపేట అంతా చెప్పాను. నిజానికి మూడు. మిగతావాళ్ళకు రెండు దాటలేదు.

దిగే రోజు నడుముకు తాడు కడుతుంటే ఆపరేటర్ని అడిగాను. "నువ్వైతే అయిదూ కొట్టేవాడివి కదరా?"

"ఆయ్, కొట్టేవోణ్ణేనండి."

"మరెందుకిచ్చేశావు?"

"తలుపేసినా నాకు నిద్ర పట్టుద్దండి. మీకు పట్టదు కదండీ," అన్నాడు, ముడి బిగిస్తూ. "ఎళ్ళండి. కింద పిస్తోలుకి మళ్ళీ తలనూనె రాయకండేం."

పోటీలో చివరి నుంచి రెండోవాణ్ణి. మా బీరువా మీద కనబడే కప్పు మా బావమరిది పడవ పందెంలో గెలిచింది. వసంతంలో ఆపరేటరు కూడా క్షేమంగా దిగాడు. ఇప్పటికీ ఫోను చేసి "బావగారూ, కప్పు తోమేరా?" అంటాడు.

సెలవు మీద నరసాపురంలో దిగి, ఏరు దాటించే పంటు ఎక్కాను. అంత గోదావరి, దాని మీద అంత ఆకాశం. గుండెల నిండా గాలి పీల్చుకుని కళ్ళు మూసుకున్నాను. మూసిన ఆ కళ్ళకు కనబడిందే నేటికీ కనబడుతోంది. పోస్టు నుంచి దిగిన రోజు, మొదటి మలుపులో వెనక్కి తిరిగి చూశాను. మళ్ళీ మంచు కురుస్తోంది. పోస్టు లేదు, గట్టు లేదు, మేము తవ్విన దారి లేదు. అంతా తెల్లటి వాలు. దాని నడిమధ్య నుంచి వేలంత సన్నటి నల్లపొగ నిటారుగా లేస్తోంది. దాని కింద అయిదుగురు ఉన్నారు.