మా పెద్దనాయన తిట్టిన పలక కంప్యూటర్

పోయిన వారం బ్యాంకులో పని ఉండి పోతే, కౌంటర్లో ఉన్న అమ్మాయి ఒక ట్యాబ్ నా ముందుకు తోసి, "ఈడ వేలితో సంతకం గీకండి సార్, సాలు" అంది. పెన్ను లేదు, కాగితం లేదు. వేలు ఆ అద్దం దాకా తీసుకుపోయి ఎందుకో ఆగిపోయాను. నా వెనక నిలబడిన పెద్దామె ఊరుకుంటుందా? "ఏమప్పా, పేరు మర్చిపోయినావా? ఇంట్లో అడిగి రాపో" అని అందరికీ వినబడేలా అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, వంకరటింకరగా పేరు గీకి, బయట మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. ఇట్లాంటి పలకనే, దీనికి నాలుగింతల బరువున్నదాన్ని, ఇరవై ఏండ్ల కిందట గుత్తిలో నా అంగట్లో మూడు నెలలు పెట్టుకున్నాను. అది నిజంగా కావాలనుకున్న మనిషి ఆ ఊరు మొత్తానికి ఒక్కడే. ఆయనకే నేను ఇవ్వలేదు.

రెండువేల మూడో నాలుగో, సంవత్సరం సరిగా గుర్తులేదు. కోటకు పోయే దారిలో నాకొక చిన్న కంప్యూటర్ అంగడి ఉండేది. కంప్యూటర్లు అమ్మడం అనేది బోర్డు మీది మాట. అసలు నడిచేది జిరాక్సు, పెండ్లి పత్రికలు, పరీక్ష దరఖాస్తులు. బెంగళూరులో నాకు సరుకిచ్చే డీలరు ఒకరోజు ఫోన్ చేసి, "కొత్త రకం వచ్చింది, కీబోర్డుతో పనిలేదు, పెన్నుతో తెర మీదే రాయొచ్చు, ఒకటి పంపిస్తా, జనానికి చూపించు, మూడు నెలల్లో అమ్ముడుపోకపోతే వెనక్కి పంపు" అన్నాడు. అట్టపెట్టె విప్పితే నల్లగా, మందంగా, తెర తిరగేసి మూసుకునే వస్తువు ఒకటి బయటికొచ్చింది. పక్కన బొరియలో దాక్కున్న ఒక పెన్ను. దాన్ని ట్యాబ్లెట్ అనాలని పుస్తకంలో రాసి ఉంది గానీ, గుత్తిలో ట్యాబ్లెట్ అంటే జ్వరానికి మింగేది. అందుకని మేమంతా పలక కంప్యూటర్ అనేవాళ్ళం.

మా అంగటి ముందు సాయంత్రం పూట ఎప్పుడూ ఒక పంచాయితీ ఉండేది. కాలేజీ లెక్చరరు ఒకాయన, ఎదురుగా బట్టలంగడి శెట్టి, ఇంకా దారిన పోయేవాళ్ళు. పలక వచ్చిన నాటి నుంచీ వానలూ బోర్లూ పక్కకుపోయి దాని గురించే తగువు. లెక్చరరు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "చూస్తా ఉండండప్పా, పదేండ్లు తిరక్కుండా ప్రతి మనిషి చేతిలో ఇదే ఉంటాది" అనేవాడు. శెట్టికి ఒళ్ళు మండేది. "ఏముండాది సామీ దీంట్లో? రాసేదానికి నోటుబుక్కు లేదా? లెక్కకు క్యాలిక్యులేటర్ లేదా? దీని దుడ్లకు జత ఎద్దులొస్తాయి, అవి సేద్యమన్నా చేస్తాయి" అనేవాడు. "ఎద్దులు ఈ మెయిలు పంపుతాయా?" అని లెక్చరరు. "నీ మెయిలు ఎవరికి కావల్ల?" అని శెట్టి. కంప్యూటరంటే కీబోర్డు ఉండాలని ఒకడు, బ్యాటరీ రెండు గంటలకే చచ్చిపోతే పేషెంటు మాదిరి మంచం పక్కనే పెట్టుకోవాలా అని ఒకడు. నేను ఎవరు కొనేలా కనబడితే వాళ్ళ వైపు మాట్లాడేవాణ్ణి. అంటే నా మాటకు విలువ లేదని అందరికీ తెలుసు.

ఈ పంచాయితీలో మాట్లాడకుండా కూర్చునే మనిషి ఒకాయన ఉండేవాడు. మా పెద్దనాయన, అంటే మా నాయనకు అన్న. ముప్పై ఏండ్లు శెనక్కాయల మండీలో వేలం పిలిచిన మనిషి. ఆయన గొంతు విప్పితే రైల్వే గేటు దాకా వినబడేదని చెప్పుకునేవాళ్ళు. చిన్నప్పుడు నేను చూశాను. బస్తా మీద కాలు పెట్టి, "ఎవడప్పా ఆడ నిద్రపోతాండేది? గింజ చూసి పలుకు, నా మొగం చూసి కాదు!" అని అరిస్తే, నిజంగా నిద్రపోతున్న వ్యాపారి ఒకడు ఉలిక్కిపడి ధర పలికేశాడు. అట్లాంటి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషను చేసి గొంతు తీసేశారు. ప్రాణం నిలిచింది, మాట పోయింది. పెద్దమ్మ అప్పటికే లేదు, పిల్లలు లేరు. మండీ వెనక ఒక గదిలో ఉండేవాడు. రోజూ సాయంత్రం మెడకు తువ్వాలు చుట్టుకుని, చంకలో ఒక రాతిపలక, జేబులో బలపం పెట్టుకుని మా అంగడికి వచ్చేవాడు.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, ఆయన పలక మీద రాసి ఎత్తేదాకా మేమెవ్వరం ఆగేవాళ్ళం కాదు. ఆయన చెయ్యి నిదానం. పెద్ద పెద్ద అక్షరాలు. ధర గురించి జవాబు రాసి ఎత్తేసరికి మాటలు బ్యాటరీ మీదికి పోయేవి. బ్యాటరీ గురించి రాస్తే అప్పటికి ఎవరో పామిడిలో వాన పడిందన్న కబురు తెచ్చేవాడు. పలకను అట్లా ఎత్తి పట్టుకుని ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి చూసి, ఎవరూ చదవకపోతే తువ్వాలు కొసతో తుడిచేసుకునేవాడు. పైగా సాయంత్రం రెండు గంటలు కరెంటు కోత. చీకట్లో మేం మాట్లాడుకుంటూనే ఉండేవాళ్ళం. చీకట్లో రాతిపలక ఎవరికి కనబడుతుంది? ఆ రెండు గంటలు ఆయన ఉన్నట్టా, లేనట్టా? ఎవ్వరికీ ఆ ఆలోచనే రాలేదు.

ఒకరోజు కరెంటు పోయినప్పుడు ఆయనే లేచి వచ్చి, కౌంటరు మీది పలక కంప్యూటర్ను ఒళ్ళో పెట్టుకున్నాడు. పెన్ను తీసి ఏదో రాయడం మొదలుపెట్టాడు. అంగడి మొత్తానికి అదొక్కటే వెలుతురు. పురుగులతోపాటు మా తలలు కూడా దాని మీదికి వంగాయి. తెల్లటి తెర మీద అక్షరం తర్వాత అక్షరం పుడుతుంటే, అంతసేపూ వాదించుకుంటున్న శెట్టీ లెక్చరరూ నోళ్ళు మూసుకుని చూస్తున్నారు. ఆయన రాసింది ఇది: "శెట్టీ, మాట పోయింది నాది. నువ్వు నీదీ నాదీ కలిపి మాట్లాడతాండావు." శెట్టే అందరికంటే గట్టిగా నవ్వాడు. పెద్దనాయన భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఆయన నవ్వితే శబ్దం రాదు.

అక్కణ్ణుంచి ఆ కంప్యూటర్ ఉన్నన్నాళ్ళూ పంచాయితీ పెద్ద ఆయనే. పైగా రాతిపలకకు లేని గుణం దానికొకటి ఉంది. రాసింది చెరిగిపోదు. శెట్టి ఒక మాట మారిస్తే చాలు, వెనక పేజీకి పోయి, "మొన్న ఇట్లన్నావు, ఇది సూడు" అని వేలు పెట్టి చూపించేవాడు. శెట్టి అంగట్లో పని ఉందని లేచి పోయేవాడు. అయితే విచిత్రమేమిటంటే, ఆ కంప్యూటర్ మీదే ఆ కంప్యూటర్ను ఆయన తిట్టినంతగా ఇంకెవరూ తిట్టలేదు. "రోలు మాదిరి బరువుండాది" అని రాసేవాడు. "ఒళ్ళో పెట్టుకుంటే తొడలు కాలిపోతాండాయి" అని రాసేవాడు. "దీన్ని కొనేవానికి బుద్ధి లేదు" అని ఒకరోజు తెరంతా నింపేశాడు. శెట్టి చప్పట్లు కొట్టాడు. లెక్చరరు అలిగాడు. కొందామని చూడ్డానికి వచ్చిన డాక్టరు ఒకాయన అది చదివి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నాకు చెడ్డ కోపం వచ్చింది. "పెద్దనాయనా, నువ్వు నా వ్యాపారం చెడగొడతాండావు" అంటే, అమాయకంగా నా మొహం చూశాడు.

గడువు ముగిసింది. బెంగళూరు నుంచి ఫోను. "యాడా అమ్ముడుపోలేదప్పా, కంపెనీవాళ్ళే వెనక్కి తెప్పించుకుంటున్నారు. నువ్వు కొనుక్కో, లేకపోతే ఎల్లుండి లారీలో వెయ్యి" అన్నాడు డీలరు. ఆ సాయంత్రం అందరి ముందూ చెప్పాను. శెట్టి మీసం దువ్వాడు. లెక్చరరు, దేశానికి ఇంకా తెలివి రాలేదన్నాడు. పెద్దనాయన ఏమీ రాయలేదు. అందరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చి, మెడకున్న తువ్వాలు తీసి నా కుడిచేతి మీద కప్పి, దాని కింద నా వేళ్ళు పట్టుకున్నాడు.

మండీలో ధర పైకి పిలిచేది వేరు, అసలు బేరం వేరు. పెద్ద సరుకు బేరమంతా తువ్వాలు కిందే. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఎన్ని వేళ్ళు వంచితే ఎంత అని వాళ్ళకొక లెక్క. చుట్టూ పదిమంది నిలబడినా ఎవరికీ అంతుబట్టదు. ఒప్పుకుంటే అవతలివాడు చెయ్యి గట్టిగా ఒత్తుతాడు. అంతే, తువ్వాలు లేచిందంటే బేరం కుదిరినట్టే. చిన్నప్పుడు ఆయన నాతో ఈ ఆట ఆడేవాడు. రెండు వేళ్ళు పట్టుకుంటే రెండు బెల్లం ముక్కలు. ఇదీ ఆ ఆటేననుకున్నాను. ఆయన నా వేళ్ళు ఒకటొకటే పట్టుకుని, వంచి, వదిలి, మళ్ళీ పట్టుకుని నా కళ్ళలోకి చూశాడు. మాట పోయిన మనిషి, పాపం, పొద్దుపోక ఆడుతున్నాడులే అనుకుని, "సరేలే పెద్దనాయనా" అని నవ్వుతూ చెయ్యి ఒత్తాను. ఆయన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. ఎంత సంతోషంగా పోయాడో! వీధి మలుపు దాకా పోయి మళ్ళీ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

మర్నాడు ఆయన రాలేదు. ఆ తర్వాతి రోజు పొద్దున నేను కంప్యూటర్ను అట్టపెట్టెలో పెట్టి లారీకి ఎక్కించాను. ఎక్కించే ముందు, డీలరు చెప్పినట్టు, అందులో ఉన్నవన్నీ చెరిపేశాను. సాయంత్రం పెద్దనాయన ఉతికిన పంచె కట్టుకుని, చేతిలో గుడ్డసంచితో వచ్చాడు. వెంట మండీ యజమాని కూడా ఉన్నాడు. పెద్దనాయన కళ్ళు నేరుగా కౌంటరు మీదికి పోయాయి. అక్కడ ఏమీ లేదు. "పంపించేసినా పెద్దనాయనా. ఎవరూ కొనలేదు కదా" అన్నాను. ఆయన తన కుడిచెయ్యి ఎత్తి, వేళ్ళు నాకు చూపించాడు. అప్పటికీ నాకు అర్థం కాలేదు.

మండీ యజమానే కసురుకున్నాడు. "ఏమప్పా, తువ్వాలు కింద ఒప్పుకోని వెనక్కి పంపిస్తివా? నిన్నంతా ఈయప్ప నా ఇంటి అరుగు దిగలేదు. తాను సచ్చినాక చేసే దినాలకని నా దగ్గర దాచి పెట్టుకున్న దుడ్లు ఇప్పించుకోని వచ్చినాడు. దినాలు చేయకపోయినా ఫరవాలేదని పలక మీద రాసినాడు."

"రోజూ తిట్టినాడు కదన్నా దాన్ని! కొనేవానికి బుద్ధి లేదని రాసినాడు" అన్నాను.

"తిట్టకుండా ఎవడన్నా సరుకు కొంటాడా? పొగిడితే ధర పెరుగుతాది. ఇంకొకడు ఎగరేసుకోని పోతాడు. శెనక్కాయలోళ్ళ ఇంట్లో పుట్టి ఇది తెలీదా నీకు?"

తెలియదు. మా నాయన నన్ను మండీకి దూరంగా పెట్టి చదివించాడు. నాకు ధర అంటే అట్టపెట్టె మీద అచ్చువేసి ఉండేది. ఆ క్షణమే బెంగళూరుకు ఫోన్ చేశాను. మర్నాడు మళ్ళీ చేశాను. ఆ రకం ఇక రాదన్నారు, ఉన్నవన్నీ కంపెనీకి పోయాయన్నారు. పెద్దనాయనకు మామూలు ల్యాప్‌టాప్ ఇస్తానన్నాను. ఆయన ఆ మీటల వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. లావుపాటి నోటుబుక్కు, స్కెచ్ పెన్నులు కొనిచ్చాను. నాలుగు రోజులు తెచ్చుకున్నాడు. కరెంటు పోయాక కాగితమూ రాతిపలకా ఒకటే కదా. శెట్టీ లెక్చరరూ వేరే తగువులో పడ్డారు. మెల్లగా రోజు విడిచి రోజు అయింది, తర్వాత వారానికొకసారి, తర్వాత రావడమే మానేశాడు. నేనే గదికి పోయేవాణ్ణి. నవ్వుతూనే కూర్చోమని చాప చూపించేవాడు. టీ తెప్పించేవాడు. కోపం ఎక్కడా కనబడేది కాదు.

రెండేండ్ల తర్వాత అనంతపురం ఆస్పత్రిలో పడుకున్నప్పుడు, వార్డులో ఎవరూ లేని సమయం చూసి, తలగడ మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీదా నేనే కప్పాను. దాని కింద ఆయన వేళ్ళ కోసం వెతికాను. ఆయన నా మొహం చూశాడు. నిదానంగా, నొప్పి పుట్టించకుండా, తన చెయ్యి బయటికి తీసుకుని గుండెల మీద పెట్టుకున్నాడు. మాట తప్పినవాడితో మండీలో ఎవరూ తువ్వాలు కింద చెయ్యి పెట్టరు. వేరే శిక్ష ఉండదు, అదొక్కటే. నేను తువ్వాలు మడిచి తలగడ మీద పెట్టి, బయటికొచ్చి ఏడ్చాను.

లెక్చరరు చెప్పిందే నిజమైంది. ప్రతి మనిషి చేతిలో ఇప్పుడు అదే ఉంది. శెట్టి మనవరాలు బట్టలంగట్లో దాని మీదే చీరలు చూపిస్తోంది. నా అంగడి మూసి చాలా ఏండ్లయింది. సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకుంటే పలకరించేవాళ్ళు లేరు. పెద్దనాయన ఒక మాట రాసి ఎత్తడానికి గట్టిగా రెండు నిమిషాలు పట్టేది. ఆ రెండు నిమిషాలు ఆగడానికి అప్పుడు మాలో ఎవ్వరికీ తీరిక లేకపోయింది. ఇప్పుడు నాకు పొద్దస్తమానం తీరికే.