జనం నవ్వని చోట

ఆ సినిమా హాల్లో పనిచేసిన ముప్పై నాలుగేళ్లలో అతుకులక్కను అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. తెగిన ఫిల్మును అతికించడం ఆమె పని. బ్లేడుతో అంచు గీకి, జిగురు ఒక్క చుక్క రాసి, చిన్న ఇనప మిషనులో నొక్కి, పది దాకా లెక్కపెట్టి తీస్తే అతుకు ఎక్కడుందో ఆపరేటరు కూడా కనిపెట్టలేడు. ఆ ఆపరేటరు ఆమె తండ్రే. కనిపెట్టలేకపోయినందుకు మెచ్చుకునే రకం కాదు, అది వేరే సంగతి.

ప్రతి సినిమాకూ ముందు ఎనిమిది నిమిషాల కార్టూను వేయడం ఆ హాలు అలవాటు. అన్నింట్లోనూ ఒకటే మేక. అరవై దాకా రీళ్లుండేవి. వాటినే అరిగిపోయేదాకా తిప్పి తిప్పి వేశారు.

ఆ మేక మీద నాన్నకు గట్టి అభిప్రాయాలుండేవి. "ఇది ఒక్క మేక కాదే, మూడు మేకలు" అనేవాడు. మొదటి రీళ్ల మేకకు కొమ్ములు పొట్టి, బుద్ధి అంతకన్నా పొట్టి. కనిపించిందల్లా నమిలేది. తెర మీద పడే అక్షరాలను కూడా తినేసి, ఆ ఖాళీలోంచి తల బయటపెట్టి నవ్వేది. కొండ మీంచి కింద పడ్డా నవ్వే. తర్వాతి రీళ్లలో పక్కింట్లోకి ఒక కోడి దిగింది. ఇక మేకకు కంటిమీద కునుకు లేదు. కోడిని ఎవరు పలకరించినా కడుపుమంటే. కోడిని ముంచబోయి ప్రతిసారీ తానే మునిగేది. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. చివరి రీళ్లలో ఎవరికేం పుట్టిందో, దానికి కోటు తొడిగి, కళ్లజోడు పెట్టి, పిల్లలకు రోడ్డు దాటడం నేర్పే పెద్దమనిషిని చేసి కూర్చోబెట్టారు. అవి వేసేటప్పుడు నాన్న తెర వైపే చూసేవాడు కాదు.

"మేకదేం తప్పు లేదే. గీసేవాళ్లు మారారు. ఒకడు గంతులెయ్యమన్నాడు, ఒకడు ఏడవమన్నాడు, ఒకడు పాఠం చెప్పమన్నాడు. పాపం, దాని మాట ఎవడడిగాడు?" అనేవాడు.

నాన్న కూడా ఒక్క మనిషి కాదు. అతుకులక్కకు పదకొండేళ్లు, ఆమె చెల్లికి మూడేళ్లు ఉన్నప్పుడు అమ్మ పోయింది. అంతకుముందు నాన్న ఇల్లంతా నాలుగు కాళ్ల మీద తిరిగేవాడు, తలుపు చాటు నుంచి పేపరు నములుతూ బయటికొచ్చేవాడు. ఇంట్లో పిల్లలు ఇద్దరా ముగ్గురా అని అమ్మ నెత్తి కొట్టుకునేది. అమ్మతో పాటే ఆ మనిషీ వెళ్లిపోయాడు. మిగిలినాయనకు కోపం ముక్కు మీదే ఉండేది. చెల్లి ఎరిగింది ఈ మిగిలినాయననే. ఒకే ఇంట్లో పెరిగినా అక్కాచెల్లెళ్లకు తండ్రులు వేరువేరు.

అక్కకు పదహారేళ్లప్పుడు ఓనరు గారికి రోజుకు ఇంకో ఆట వేయాలన్న ఆలోచన పుట్టింది. సమయం చాలదు. ప్రతి కార్టూనులోనూ ఒక నిమిషం తగ్గించమన్నాడు. నాన్న ఆ పని ఆమె మీద పెట్టాడు.

"ఎక్కడ కొయ్యమంటావు నాన్నా?"

"జనం నవ్వని చోట కొయ్యి. ఇంకెక్కడ?"

పెన్సిలూ కాగితం పట్టుకుని ఆమె వారాల తరబడి హాల్లో కూర్చుంది. నవ్వు వినబడని చోటల్లా గుర్తు పెట్టుకుంది, పైకొచ్చి కోసేసింది. కోసినవాటిని పారేయడానికి చెయ్యి రాక, బిస్కెట్ డబ్బాల్లో చుట్టి పెట్టి, పైన రీలు నంబరు రాసుకుంది. అంత చిన్న పిల్ల అంత శ్రద్ధగా చేసిన పని అది. చేసిన చెడుపు కూడా అంత శ్రద్ధగానే జరిగింది.

ఎందుకంటే జనం నవ్వని చోటల్లా మేక ఒంటరిగా ఉండేది. పరుగుపందెంలో కోడి చేతిలో ఓడిపోయి, ఉడుక్కుని, గంతులు వేసి, ఇల్లు చేరేది. ఆ తర్వాత ఒక అర నిమిషం నవ్వు తెప్పించేదేమీ జరిగేది కాదు. ఆ అర నిమిషాలు పోయాక ఆ ఊరికి మిగిలింది కుళ్లుబోతు మేక ఒక్కటే. ఎదుటివాడి బాగు చూడలేని మనిషిని ఆ వీధుల్లో పిల్లలు మేక అని పిలిచేవాళ్లు. చెల్లీ అలాగే పిలిచేది. ఆమె చూసింది కోసిన మేకనే కదా.

చెల్లికి బొమ్మల పిచ్చి. పందొమ్మిదేళ్లప్పుడు పోస్టర్ల రంగులు మిగిలితే పట్టుకొచ్చి ప్రొజెక్టరు గది గోడ మీద నిలువెత్తు మేకను గీసింది. ఓనరు గారు చూసి నలుగురిలో నాన్నను నానా మాటలూ అన్నాడు. ఆయన కిందికి దిగాక నాన్న చెల్లి కుంచెలన్నీ కిటికీలోంచి మురుగుకాలవలోకి విసిరేశాడు.

"నువ్వు ఆ మేకవే నాన్నా. ఒకళ్ల చేతిలో నాలుగు రంగులుంటే ఓర్చుకోలేవు" అంది చెల్లి. సాయంత్రానికి సంచి సర్దుకుని వేరే ఊరు వెళ్లిపోయింది. అక్కడ దుకాణాల బోర్డులు రాసుకుంటూ బతుకుతోంది. ఇరవై రెండేళ్లయింది.

మర్నాడు బొమ్మ మీద సున్నం వేయడానికి ఓనరు పంపిన మనిషి వచ్చాడు. నాన్న అతన్ని వెనక్కి పంపేసి, రీళ్ల బీరువాను ఒక్కడే ఈడ్చుకొచ్చి బొమ్మకు అడ్డంగా పెట్టాడు. తర్వాత లెన్సు తుడుస్తూ, అక్క వైపు చూడకుండా అన్నాడు.

"ఫోన్ చేస్తే దానికి చెప్పు. బొమ్మ అలాగే ఉందని."

చెల్లి నెలకోసారి హాలు ఆఫీసుకు ఫోన్ చేసేది. నాన్నకు జ్వరమొస్తే అక్క చెప్పేది, కళ్లకు ఆపరేషనైతే చెప్పేది. బొమ్మ సంగతి మాత్రం చెప్పలేదు. ఆ తర్వాతా నాన్న ఏదో ఒకటి చెప్పమంటూనే ఉండేవాడు. తింటోందో లేదో కనుక్కోమనేవాడు. బస్టాండులో ఒక బోర్డు చూశానని, ఆ చేతిరాత దానిదే అయ్యుంటుందని, అక్షరం బాగుందని చెప్పమనేవాడు. అలాగే నాన్నా అనేది అక్క. ఫోన్ దగ్గరికొచ్చేసరికి ఆ మాట మింగేసేది.

చెబితే చెల్లి మనసు ఇంకా నలుగుతుందని తనకు తాను నచ్చజెప్పుకునేది. అది ఉత్త మాట. వెళ్లిపోయినదాని గురించి అన్నిసార్లు అడిగిన మనిషి, పక్కనే ఉండి మంచినీళ్లందించేదాన్ని తిన్నావా అని ఒక్కసారీ అడగలేదు. కడుపుమంట. ఆ ఇంట్లో మేక ఎవరో అక్కకు లోలోపల తెలుసు.

ఎనిమిది నెలల కిందట నాన్న పోయాడు. చెల్లి వచ్చింది, పరాయి మనిషిలా గుమ్మం దగ్గర గంటసేపు నిలబడింది, వెళ్లిపోయింది. కంట నీరు లేదు. ఆమె ఎరిగిన తండ్రికి అంతకన్నా ఏం ఇస్తుంది? నోరు మూసుకుని ఉంటే ఎవరికీ ఎప్పటికీ తెలియదు, అదే ఆ రోజు నుంచి అక్కను తినేసింది.

ఇప్పుడు హాలు కూలగొడుతున్నారు. ఫిల్ము రోజులు పోయి చాలా కాలమైంది, అక్క కొన్నేళ్లుగా టికెట్ల కిటికీలో కూర్చుంటోంది. చిన్న ఓనరును అడిగి ఒక ఉదయం పూట పాత ప్రొజెక్టరు వాడుకునేందుకు ఒప్పించింది. చెల్లికి ఫోన్ చేసింది.

"ఆఖరిసారి మేకను చూసి వెళ్దువుగాని, రా."

"ఆ దిక్కుమాలిన మేక కోసం అంత దూరమా? నీకేమైనా మతి పోయిందా అక్కా?"

అన్నదే కానీ వస్తానంది.

పరుగుపందెం రీలును బాగుచేయడానికి అక్కకు తొమ్మిది రోజులు పట్టింది. బిస్కెట్ డబ్బా మూత తీస్తే పులిసిన వాసన గుప్పుమంది. ఫిల్ము ముడుచుకుపోయింది, అంచున ఉన్న రంధ్రాలు ప్రొజెక్టరు పళ్లకు అందడం లేదు. ఒక్కో అతుకు దగ్గర అటొక ఫ్రేము, ఇటొక ఫ్రేము పోక తప్పదు. యాభైకి దగ్గరపడ్డ చేతుల మీద నమ్మకం చాలక, పది దాకా లెక్కపెట్టేది ఇరవై దాకా లెక్కపెట్టింది.

చెల్లి వచ్చి ఖాళీ హాలు మధ్య వరసలో ఒక్కతే కూర్చుంది. పైన అక్క మిషను నడిపింది. మేక పరిగెత్తింది, ఓడింది, ఉడుక్కుంది, కోడిని తిట్టుకుంటూ ఇల్లు చేరింది. ఎప్పుడూ ఆగిపోయే చోట రీలు ఆగలేదు. మేక కిటికీలోంచి చూసింది. కోడి ఇంట్లో దీపం ఆరిపోయి ఉంది. మేక అటూ ఇటూ చూసి, తన లాంతరు తీసుకెళ్లి కోడి గడప మీద పెట్టి, ఎవరూ చూడకుండా గబగబా వచ్చేసింది. తర్వాత చీకట్లో కూర్చుంది, గడ్డం గోక్కుంటూ. అంతే. అందులో నవ్వడానికి ఏమీ లేదు.

చెల్లి మెట్లెక్కి పైకొచ్చింది.

"ఇది నేనెప్పుడూ చూడలేదే."

"నేనే కోసేశాను. జనం నవ్వట్లేదని."

"మరి ఇన్నాళ్లూ దాన్ని కుళ్లుబోతు అనుకున్నాంగా."

"కుళ్లుబోతే. కాకపోతే అదొక్కటే కాదు."

అక్కడితో ఊరుకోవచ్చు. టీ తాగి, మధ్యాహ్నం బస్సుకు చెల్లి వెళ్లిపోయేది, ఇద్దరూ మర్యాదగా ఉండేవాళ్లు. అయినా అక్క బీరువాకు భుజం ఆనించింది.

"ఓ చెయ్యి వెయ్యి."

ఇద్దరూ తోస్తే బీరువా కీచుమంటూ జరిగింది. వెనక గోడ మీద మేక నిలబడి ఉంది. వెలుతురు తగలక రంగులు నిన్న వేసినట్టే ఉన్నాయి. చెల్లి వేలు చాపింది కానీ గోడను ముట్టుకోలేదు.

"సున్నం కొట్టించాడనుకున్నాను."

"కొట్టనివ్వలేదు. మర్నాడే అడ్డం పెట్టాడు. నీతో చెప్పమన్నాడు. నేను చెప్పలేదు."

చెల్లి ఆమె వైపు తిరిగింది.

"ఇరవై రెండేళ్లు" అంది అక్క. "ఇదొక్కటే కాదు, చాలా చెప్పమన్నాడు. ఒక్కటీ నీ చెవిన వేయలేదు. నీ గురించి అడుగుతుంటే నాకు ఒళ్లు మండేది. అందుకే. వేరే కారణం ఏమీ లేదు. నువ్వు నన్నేమన్నా పడతాను."

చెల్లి సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్లింది. అక్క ఆపలేదు, ఆపే మొహం తనకు లేదనుకుంది. చెల్లి గుమ్మంలో చాలాసేపు అటు తిరిగే నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఎనిమిది నెలల కిందట రాని ఏడుపు ఇప్పుడొచ్చింది.

కాసేపటికి వెనక్కొచ్చి, సంచి కింద పెట్టి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. మొహం అక్క వైపు తిప్పలేదు.

"నిన్ను క్షమించానని అనుకోకు" అంది. "ఏమేం చెప్పమన్నాడో మొదటి నుంచి చెప్పు. ఏదీ వదలొద్దు."

అక్క ఎదురుగా కూర్చుని, బొమ్మ అలాగే ఉందని చెప్పమన్న రోజు నుంచి మొదలుపెట్టింది.