ఎదురుకాళ్ళ పాదం

నాకు మనుషుల వీపులంటే చిన్నప్పటి నుంచీ రోత. పుంగనూరులో మా వీధి మొత్తానికి ఎదురుకాళ్ళతో పుట్టినదాన్ని నేనొక్కదాన్నే. తల కంటే ముందు కాళ్ళు బయట పెట్టి పుట్టినవాళ్ళు తొక్కితే పట్టేసిన నడుం విడుస్తుందని మావాళ్ళ నమ్మకం. అందుకని బడి లేని రోజు మా గడప ముందు ఎవరో ఒకరు చాప పరుచుకుని బోర్లా పడుకునేవారు. ఆముదం, చెమట, బీడీ కంపు. అరికాలికి అంటిన ఆ జిడ్డు సబ్బుతో రుద్దినా వదిలేది కాదు. అన్నం కలుపుకుంటుంటే ముద్దలోనూ అదే వాసన.

అలాంటిదాన్ని పోయి పోయి వెన్నుపూసల మీదే పరిశోధనకు దిగాను. మదనపల్లెలో మెకానికల్ పాఠాలు చెబుతూ, సెలవు దొరికినప్పుడల్లా కుప్పం పోయి అక్కడి మెడికల్ కాలేజీ ల్యాబులో, మనిషి పూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల ముక్కలను మిషన్ కింద పెట్టి నొక్కుతాను. ఎంత బరువుకు ఎంత అణుగుతుంది, బరువు తీస్తే ఎంత లేస్తుంది అని చూసి, ఆ లెక్కలతో కంప్యూటర్లో ఒక నమూనా డిస్కు కడతాను. ఫ్రీజర్లోంచి తీసిన ముక్క మెత్తబడేటప్పుడు మూసేసిన మాంసం అంగడి వాసన వస్తుంది. ఇన్నేళ్ళయినా నాకది అలవాటు కాలేదు.

ఆ వాసననైనా భరిస్తాను గానీ డిస్కు 'జారింది' అన్న మాటను భరించలేను. డిస్కు రూపాయి బిళ్ళ కాదు జారడానికి. పైనా కిందా ఎముకలకు అతుక్కుని ఉంటుంది. చుట్టూ నులకమంచం అల్లిక లాంటి నారపొరలు, ఒక పొర ఇటు వాలితే తర్వాతిది అటు వాలుతుంది. నడిమధ్యలో, వయసులో ఉన్నవాళ్ళకైతే, తాటిముంజ లాంటి గుజ్జు. వంగి, నడుం తిప్పి, దబాల్న బరువెత్తితే ఒక్కోసారి నారలు చిట్లి గుజ్జు బయటికి తోసుకొచ్చి నరాన్ని నొక్కుతుంది. చిట్లినదాన్ని తొక్కితే లోపలికి పోతుందా? టమాటా మార్కెట్లో చిట్లిన పళ్ళ మీద ఒక్కసారి నడిచినవాళ్ళెవరినైనా అడగండి.

మా మేనమామ ఆ మార్కెట్లోనే బాక్సులు ఎత్తే మనిషి. మొన్న సీజన్లో లారీ మీదికి బాక్సు అందిస్తూ అట్లాగే కూలబడ్డాడు. స్కానింగ్ చూసిన డాక్టరు, బరువులు ఎత్తొద్దనీ, కాలు మొద్దుబారితే ఆలస్యం చేయకుండా రమ్మనీ చెప్పి పంపాడట. ఈ సంగతి విని నేను పుంగనూరు పోయేసరికి ఇంట్లో చాప పరిచి సిద్ధంగా ఉంది.

"పాపా, డిస్కు జారిండాదంట. నువ్వొక్కసారి తొక్కితే ఎక్కి కూసుంటాది," అన్నాడు మామ.

తొక్కనన్నాను. బొమ్మ గీసి చూపించాను, నరం చచ్చుబడితే కాలు పోతుందని బెదిరించాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని అత్త పక్కింటామెతో నాకు వినబడేట్టే అంది. మామ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు చూస్తూ ఉండలేక కుప్పం బస్సెక్కాను.

నేను అటు పోగానే ఇటు పక్క వీధి కోళ్ళ అంగడి ఆసామిని పిలిపించారు. అతనూ ఎదురుకాళ్ళ మనిషేనట. నిండు విగ్రహం. పనిలోంచి లేచి అట్లాగే వచ్చి, నెత్తురు నీళ్ళు ఆరని కాళ్ళతో మామ నడుం మీద నిలబడ్డాడు. లోపల టక్కుమందట. డిస్కు ఎక్కిందని అందరూ సంబరపడి అతనికి కాఫీ ఇచ్చారట. సాయంత్రానికి మామ కుడిపాదం పైకి లేవలేదు. ఇదంతా అత్త ఫోన్లో ఏడుస్తూ చెబుతుంటే నాకు జాలి కలగలేదు. ఫోన్ పెట్టేసి, ఆ పాదాలు, ఆ కాఫీ, నా చిన్నప్పటి జిడ్డు అన్నీ తలుచుకుంటూ అరికాళ్ళు సబ్బుతో రుద్దుకున్నాను.

కుప్పం తీసుకొచ్చి ఆపరేషన్ చేయించాం. డాక్టరు చిన్న సీసాలో పట్టుకొచ్చి చూపించిన ముక్కలు తాటిముంజలా లేవు. నమిలి ఉమ్మేసిన చెరుకు పిప్పిలా ఉన్నాయి. మీ మామ ఒప్పుకుంటే ల్యాబుకు తీసుకుపోవచ్చు అన్నాడాయన. ఎవరెవరి ముక్కలో నొక్కినదాన్ని, ఆ మాట అడగడానికి నాకు నోరు రాలేదు. మామే మంచం మీంచి సీసా వైపు చూశాడు.

"అదేనా నువ్వు మిషన్ కింద పెట్టి నొక్కేది?"

"ఔను మామా."

"ఎత్తుకపో. నన్ను తొక్కనంటివి, దాన్నన్నా తొక్కు."

తీసుకుపోయి నొక్కాను. ఊటలా కాస్త నీరు వదిలి అణిగిపోయింది. బరువు తీసి చాలాసేపు చూశాను. మళ్ళీ లేవలేదు. మర్నాడు మామ ఫోన్ చేశాడు.

"తొక్కినావా పాపా?"

"తొక్కినా మామా."

"అదే అనుకుంటి. రేత్రి నుంచి నొప్పి తెలీడం లేదు."

అది ఆపరేషన్ వల్ల అని చెప్పబోయాను. ఈలోపే ఆయన ఫోన్ చెవి నుంచి తీసి, మా పాప తొక్కింది, తగ్గిపోయింది అని వార్డులో అందరికీ చెప్పడం వినబడింది.

ఇప్పుడు పుంగనూరు పోతే మా గడప ముందు మళ్ళీ మనుషులు కాచుకుని ఉంటున్నారు. నేను రానని తలుపేసుకుంటాను. బయట వాళ్ళకు చాపలు పరిచేది మా మామే. అటూ ఇటూ తిరుగుతుంటే కుడికాలి చెప్పు అడుగడుక్కీ జారిపోతుంది. ఆగి, వంగి, చేత్తో తొడుక్కుని మళ్ళీ పరుస్తాడు.